బయట ఎండ కాస్తోంది

డోన్ స్టేషన్లో రైలు దిగిన జర్మనీ దొర నోరు తెరిచి మొదటి మాట అనగానే మౌలా సాహెబు వెనక్కి తూలాడు. పడిపోకుండా జీపు తలుపు పట్టుకున్నాడు. దొర ఏమన్నాడో అర్థం కాలేదు. కాని ఆ భాష మోత అతనికి తెలుసు. యుద్ధం అయిపోయినప్పటి నుంచి కలలో తప్ప ఎక్కడా వినని మోత అది.

అది పంతొమ్మిది వందల యాభై అయిదు. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. కడప జిల్లాలో ముగ్గురాయి గనులున్న ఒక కంపెనీ, పాత గనుల్లో ఇంకా ఎంత రాయి మిగిలి ఉందో చూసి చెప్పడానికి జర్మనీ నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించింది. ఆయన పేరు క్రామర్. నలభై దాటిన సన్నని మనిషి, ముందు పళ్లు రెండు లేవు. కంపెనీ జీపు తోలే మౌలా సాహెబుది డోనే. దొరను దించుకొని గనుల దగ్గరున్న వేంపల్లెకు తీసుకురమ్మని కంపెనీ అతన్నీ, ఇంజనీరు శ్రీనివాసులునూ పంపింది. శ్రీనివాసులు మద్రాసులో చదువుకున్న కుర్రవాడు. దొరకు వచ్చిన కాస్త ఇంగ్లీషుతో అతనొక్కడే ఆయనతో మాట్లాడగలడు.

మౌలా ముఖం చూసి ఒంట్లో బాగలేదా అని అడిగాడు శ్రీనివాసులు. ఎండదెబ్బ అని చెప్పాడు మౌలా.

యుద్ధంలో అతను ఇంగ్లీషువాళ్ల సైన్యానికి లారీ తోలాడు. ఎడారిలో జర్మన్లకు పట్టుబడ్డాడు. ఓడ ఎక్కించి, ఎన్నో రైళ్లు మార్చి, చివరకు జర్మనీ అడవుల్లో ఒక కట్టెకోత మిల్లు దగ్గర పడేశారు. ఆ భాషలో అతనికి వచ్చినవన్నీ అరుపులే. ఆగు, చేతులెత్తు, తొందరగా. అన్నిటికంటే ఎక్కువగా విన్నది 'లోస్'. కదులు అని దాని అర్థం. తెల్లవారకముందే తలుపు బాది లోస్ అనేవాళ్లు. మూట ఎత్తలేకపోతే లోస్, తిండి గిన్నె దగ్గర ఆలస్యమైతే లోస్. ఆదోని నుంచి సైన్యంలో చేరిన లక్ష్మన్న ఒక పొద్దున మంచులో కూలబడి లేవలేకపోయినప్పుడు, కావలివాడు అతని పైన నిలబడి ఆ మాటే మళ్లీ మళ్లీ అన్నాడు. లక్ష్మన్న లేవలేదు. తుపాకి మోగినప్పుడు ఇద్దరు లాగే పెద్ద రంపం ఒక కొన మౌలా చేతిలోనే ఉంది. రెండో కొన మంచులో పడి ఉంది.

ఇదంతా అతను ఎవరికీ చెప్పలేదు. భార్య ఫాతిమా బీకి కూడా. ఎవరైనా అడిగితే పట్టుబడితి, ఇడిచిపెట్టిరి, వస్తి అని ముగించేవాడు. నిద్రలో కేకలు పెట్టినప్పుడు ఫాతిమా బీ లేపి నీళ్లిచ్చేది. దర్గాలో తాయెత్తు కట్టించింది. కేకలు తగ్గాయి గాని పోలేదు.

ఆ రోజు వేంపల్లె చేరేదాకా దొర వెనక సీట్లో నోరు విప్పినప్పుడల్లా జీపు ఒక పక్కకు లాగేసింది. గుత్తి దాటాక శ్రీనివాసులు విసుక్కున్నాడు. మౌలా ముందు చక్రం మీద నెపం పెట్టాడు.

మరుసటి పొద్దున వేంపల్లెలో కంపెనీ బంగళా ముందర జీపు తుడుస్తున్నాడు. దొర వసారాలోకి వచ్చాడు, ఆకాశం వైపు చూశాడు, నేరుగా మౌలాను చూసి గట్టిగా ఏదో అన్నాడు. మౌలా చేతిలో గుడ్డ జారిపోయింది. అతని రెండు చేతులూ వాటంతట అవే భుజాల దాకా లేచాయి. దొర మాట ఆపి అతన్నే చూస్తూ ఉండిపోయాడు. పక్కనున్న శ్రీనివాసులు నవ్వబోయి, మౌలా ముఖం చూసి నవ్వు మింగేశాడు.

"ఏమప్పా, ఏమాయ?"

"ఏం లేదు సార్. ఆ మాట గట్టిగా ఉండాది. తిట్టినట్ల ఉండాది."

శ్రీనివాసులు దొరను అడిగి తెలుసుకొని వచ్చాడు. "తిట్టలేదప్పా. ఈ పొద్దు వాతావరణం బాగుండాది అన్నాడు, అంతే. వాళ్ల దేశంలో మనిషి ఎదురైతే అట్లనే అంటారంట. మనం అన్నం తింటివా అని అడగమా, అట్ల."

మౌలా వంగి గుడ్డ తీసుకున్నాడు. ఆ భాషలో ఆకాశం గురించి కూడా మాటలుంటాయని అతనికి ఎన్నడూ తట్టలేదు. రెండేళ్లకు పైగా ఆ మనుషుల మధ్య ఉన్నాడు. ఎండ అనే మాట ఒక్కరి నోటా వినలేదు, లేక విన్నా అది ఎండ అని తెలియలేదు.

నాలుగు మాటలు నేర్చుకో, భయం పోతుంది అని సలహా ఇచ్చాడు శ్రీనివాసులు. మౌలాకు ఇష్టం లేదు. ఆ భాష తన నోట్లోంచి రావడమనేది పాము పుట్టలో చెయ్యి పెట్టినట్లే అనిపించింది. కాని శ్రీనివాసులు ఆ సంగతి దొరతో అనేశాడు. దొర ముఖం విప్పారింది. ఆ పొద్దు నుంచే ముందు సీట్లోకి మారి, మౌలా పక్కన కూర్చున్నాడు.

పాఠాలు దారి పొడుగునా జరిగేవి. దొర సూర్యుణ్ణి చూపించి "డీ జొన్నె షైంట్" అనేవాడు. ఎండ కాస్తోంది. అది తొందరగానే పట్టుబడింది, ఎందుకంటే సూర్యుడి పేరు జొన్న లాగా ఉంది. చుట్టూ ఎండుతున్నవి జొన్న చేలే. వాన పడుతోంది అనడానికి "ఎస్ రేగ్నెట్". రేగుపండు తలుచుకొని గుర్తుపెట్టుకున్నాడు. చలికి "కాల్ట్" అంటారంటే మాత్రం నమ్మలేదు. కాలడమంటే మంట కదా అని శ్రీనివాసులుతో వాదించాడు. మబ్బులకు వోల్కెన్. వాన లేదంటే "కైన్ రేగెన్". ఈ పొద్దు వాతావరణం బాగుంది అంటే "షోనెస్ వెట్టర్ హొయ్‌తె". వాతావరణం ఎట్లుంది అని అడగాలంటే "వీ ఇస్ట్ దాస్ వెట్టర్".

ఒక్కో మాట పలికేటప్పుడు మౌలా మెడ వెనక చెమట పట్టేది. పలికాక ఏమీ జరిగేది కాదు. ఎవరూ కొట్టేవారు కాదు. దొర ముందు పళ్లు లేని నోటితో నవ్వి, మళ్లీ చెప్పమనేవాడు. అయినా మౌలా ఆ నోటినే కనిపెట్టుకొని ఉండేవాడు, లోస్ అనే మాట ఎప్పుడొస్తుందా అని. రోజులు గడిచాయి. ఆ మాట రాలేదు. రాలేదు కదా అని ధైర్యం రాలేదు. ఇంకా రావాలి కాబోలు అని భయమే పెరిగింది.

దొర కూడా బదులుగా ఒక తెలుగు మాట నేర్చుకున్నాడు. చక్రాయపేట దారిలో టీ కొట్టు దగ్గర అయ్యన్న అనే ముసలి రైతును చూసి, చేతులు కట్టుకొని మర్యాదగా "వాన వస్తాదా" అని అడిగాడు. ఊరకే పలకరింపుగా అడిగిన మాట. అయ్యన్న దాన్ని పలకరింపు అనుకోలేదు. మూడుసార్లు విత్తనం వేసి మూడుసార్లూ పోగొట్టుకున్న సంగతి చెప్పాడు. ఎద్దుల్ని మేతలేక సంతకు తోలిన సంగతి చెప్పాడు. బావి అడుగుకు దిగి చెంబుతో నీళ్లు తోడుతున్న కోడలి సంగతి చెబుతూ తలగుడ్డతో కళ్లు తుడుచుకున్నాడు. శ్రీనివాసులు కొట్టు లోపల ఉన్నాడు, ఏమన్నాడని దొర మౌలా వైపు చూశాడు. అంత దుఃఖానికి మౌలా దగ్గర ఉన్నవి రెండే మాటలు. "కైన్ రేగెన్" అన్నాడు. దొర టోపీ తీసి చేతిలో పట్టుకొని ముసలాయన లేచి పోయేదాకా అట్లే కూర్చున్నాడు. తర్వాత ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు.

ఇంకొక్క గని మిగిలిందనగా శ్రీనివాసులు చలిజ్వరంతో బంగళాలో పడుకున్నాడు. ఆ గని కొండవాలులో, ఒక ఎండిన వాగువంక ఒడ్డున ఉంది. నేల లోపలికి ఏటవాలుగా దిగే సొరంగం. చాలా కాలం కిందట వదిలేసింది. గని మేస్త్రీ ఓబులేసు దారి చూపించడానికి వచ్చాడు. వచ్చి వాకిట నిలబడి, లోపలికి రానని చెప్పేశాడు. కప్పుకు ఆనించిన దుంగలు చెదలు తినేశాయట, కిందటేడు లోపలికి దూరిన మేకలు మళ్లీ బయటికి రాలేదట. దొరకు భాష తెలియదని చేతులతో కప్పు కూలినట్లు చూపించాడు. దొర విని, తల ఊపి, కొంచెం దూరమే అన్నట్లు వేళ్లతో చూపించాడు. కార్బైడు దీపం పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. మౌలా వైపు చూశాడు.

మౌలా ఎప్పుడూ గని లోపలికి పోయినవాడు కాదు. జీపు దగ్గరే ఉండేవాడు. ఈసారి రానని చెప్పడానికి మాట వెతుక్కున్నాడు. అతనికి వచ్చిన జర్మన్‌లో ఎండ ఉంది, వాన ఉంది, చలి ఉంది. రాను అనే మాట లేదు. అదీగాక ఆ భాష మాట్లాడే మనిషికి ఎదురు చెప్పడం అతని ఒంటికి తెలియదు. దీపం అందుకున్నాడు.

"సాయిబూ, పొయ్యేదానికి ముందర ఆకాశం చూడు," అన్నాడు ఓబులేసు. పడమటి కొండల మీద మబ్బు బొగ్గు రాశిలాగా పేరుకుంది. గాలి ఆగిపోయింది. చెట్ల మీద ఒక పిట్ట కూడా కూయడం లేదు.

లోపల నాలుగడుగులు వేయగానే నడుము వంచవలసి వచ్చింది. కప్పు తలకు తగులుతోంది. దీపం వెలుగులో రెండు పక్కలా ముగ్గురాయి తెల్లగా, చచ్చిన మనిషి గోళ్ల రంగులో మెరుస్తోంది. దొర సుత్తితో కొట్టి వింటూ, రాయి ముక్కల్ని సంచిలో వేసుకుంటూ లోపలికి దిగుతున్నాడు. మౌలా వెనక్కి తిరిగి చూశాడు. గని నోరు పళ్లెమంత కనిపించింది. ఇంకా దిగాక అరచెయ్యంత. ఊపిరి పీలుస్తుంటే సున్నం వాసన. అల్లాను తలుచుకుంటూ దొర వీపును మాత్రమే చూస్తూ నడిచాడు.

సుత్తి దెబ్బ ఒకటి పడింది. తర్వాత జల్లెడలోంచి పిండి రాలుతున్న చప్పుడు. దొర తల ఎత్తి కప్పు వైపు చూశాడు. చటుక్కున తిరిగి మౌలాను రెండు చేతులతో రొమ్ము మీద తోసి, గొంతు చించుకొని అరిచాడు.

"లోస్!"

మౌలా కాళ్లు అతన్ని అడగలేదు. దీపం ఎక్కడ పడిందో తెలియదు. తల కప్పుకు కొట్టుకుంటూ, మోచేతులు గీసుకుపోతూ పరుగెత్తాడు. వెనక కొండ దగ్గినట్లు ఒక చప్పుడు. ఆ గాలి వీపున తన్ని అతన్ని బయటికి విసిరింది. ఓబులేసు వచ్చి లేపేదాకా నేల మీద బోర్లా పడి, రెండు చేతులూ తల మీద పెట్టుకొని ఉన్నాడు. అడవిలో లెక్కకు నిలబెట్టినప్పుడు పెట్టుకున్నట్లే.

గని నోట్లోంచి తెల్లని దుమ్ము పొగలాగా వస్తోంది. ఆ దుమ్ములోంచి, ఎక్కడో లోపలి నుంచి, గొంతు వినిపించింది. మౌలా పేరు పిలుస్తోంది.

బతికే ఉన్నాడు. ఓబులేసు నేల మీద చెవి పెట్టి విన్నాడు. కొండ అవతల పని జరుగుతున్న గని ఉంది, అక్కణ్ణుంచి మనుషుల్నీ దుంగల్నీ గడ్డపారల్నీ తీసుకురావాలి. జీపు పోయే దారి కాదు, కొండ ఎక్కి దిగాలి.

"నేను పోతాండా. నువ్వు ఈడనే ఉండు. మాట్లాడతా ఉండు ఆయనతో. నిద్ర పోనియ్యద్దు, దెబ్బ తిన్నోడు నిద్ర పోతే లెయ్యడు," అన్నాడు ఓబులేసు.

"నాకు మాటలు రావు ఓబులేసప్పా."

"వచ్చిండేవే మాట్లాడు."

ఓబులేసు కొండెక్కి కనిపించకుండా పోయాడు. మౌలా ఒక్కడే మిగిలాడు. ఇంటికి పారిపోవాలనిపించింది. జీపు అక్కడే ఉంది, తాళం జేబులో ఉంది. డోన్ దాకా ఆగకుండా తోలుకుపోవచ్చు. ఆ ఆలోచనకు అతనికి సిగ్గేమీ కలగలేదు. భయం అంత నిండుగా ఉంది, సిగ్గుకు చోటు లేదు. అంతలో లోపలి నుంచి గొంతు మళ్లీ వచ్చింది. ఈసారి మెల్లగా, ఒక్కో మాట విడదీసి.

"మౌలా. వీ ఇస్ట్ దాస్ వెట్టర్?"

ఎందుకు అడుగుతున్నాడో మౌలాకు వెంటనే తెలిసింది. పలకరింపు కాదది. గని లోపలికి వాలింది. పక్కన వంక ఉంది. వాన వస్తే నీళ్లు నేరుగా దొర ఉన్నచోటికే పోతాయి. దొర కాలు ఇరుక్కొని కదలలేకపోతున్నాడు కాబోలు, లేకపోతే తానే వచ్చేవాడు.

మౌలా తల ఎత్తాడు. మబ్బు నెత్తి మీదికి వచ్చేసింది. మొదటి చినుకు అతని కనురెప్ప మీద పడింది. రూపాయి బిళ్లంత చినుకు. తర్వాత జీపు రేకు మీద ఒకటి, గని వాకిట దుమ్ములో ఒకటి.

గని నోట్లో తల పెట్టి గట్టిగా అన్నాడు. "డీ జొన్నె షైంట్."

లోపల ఏదో రాయి జరిగిన చప్పుడైంది. తర్వాత "గూట్" అన్నాడు దొర. మంచిది.

వాన దిగింది. ఎన్నో నెలలుగా ఆ నేల చూడని వాన. కొండ మీది ఎర్రమట్టి కరిగి పాయలుపాయలుగా జారుతోంది. రాళ్ల పోగులా ఎండి ఉన్న వంకలో చిన్న నీటి చార కదిలింది, చూస్తూండగానే మూరెడు వెడల్పయింది. మౌలా జీపులోంచి పార తెచ్చాడు. గని వాకిలికి అడ్డంగా రాళ్లు పేర్చి, మన్ను పోసి కట్ట వేయడం మొదలుపెట్టాడు. జీపు మీది టార్పాలిన్ పీకి దాని మీద కప్పి, రాళ్లు పెట్టాడు.  పార రెండుసార్లు జారి పాదాన్ని కోసింది. ప్రతి కొద్దిసేపటికీ లోపలి నుంచి ఆ ప్రశ్నే వస్తోంది. ప్రతిసారీ అతను కట్ట మీద వంగి, ముఖం మీద కారే నీళ్లు ఉమ్మేసి, జవాబు అరుస్తున్నాడు. ఎండ కాస్తోంది. ఆకాశం నీలంగా ఉంది. వాన లేదు. వేడిగా ఉంది, శానా వేడిగా ఉంది.

ఒకసారి ఉరిమింది. కొండంతా అదిరింది. దొర "మౌలా?" అన్నాడు.  ఉరుముకు అతని దగ్గర అబద్ధం లేదు. చివరకు తెలుగులోనే, "లారీ సార్, లారీ పోతాంది," అని అరిచాడు. దొరకు ఏం అర్థమైందో.

ఆ తర్వాత ప్రశ్న రాలేదు. మౌలా పిలిచాడు. జవాబు లేదు. మళ్లీ పిలిచాడు. కట్ట కింది నుంచి నీళ్లు ఊరి, సన్నగా లోపలికి పాకుతున్నాయి. ఓబులేసు జాడ లేదు. నిద్ర పోతే లేవడన్న మాట గుర్తొచ్చింది. లక్ష్మన్న కూడా అట్లే, మంచులో, నిద్ర వస్తోందని చెప్పాడు. అప్పుడు మౌలా చేతిలో రంపం పట్టుకొని నిలబడ్డాడు. కదిలితే తననూ కాలుస్తారని నిలబడ్డాడు.

జీపు దగ్గరికి పరుగెత్తి జాకీ, టార్చిలైటు తీసుకున్నాడు. గని ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.  కలిమా చదివాడు, సగంలో మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి చదివాడు. తర్వాత తల లోపల పెట్టి పాకాడు.

కూలిన రాళ్ల పక్కన ఒక మనిషి పట్టేంత సందు ఉంది. జాకీని ముందుకు తోసుకుంటూ, కడుపు మీద జరుగుతూ పోయాడు. వీపుకు కప్పు తగిలినప్పుడల్లా ఆగి, మళ్లీ జరిగేవాడు. అవతల టార్చి వేశాడు. దొర గోడకు చేరగిలబడి ఉన్నాడు. ముఖమంతా తెల్లని పిండి. కళ్లు మూసి ఉన్నాయి. కుడి పాదం ఒక పెద్ద పలక కింద ఉంది. మౌలా చెంప మీద కొట్టాడు. దొర కళ్లు తెరిచాడు. కింద పెట్టిన టార్చి వెలుగు మౌలా మీదే పడుతోంది. జుట్టులోంచి, ఖాకీ చొక్కాలోంచి, గడ్డంలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. దొర ఆ నీళ్ల వైపు చాలాసేపు చూశాడు. 

"షోనెస్ వెట్టర్," అన్నాడు.

"యా," అన్నాడు మౌలా. "షోనెస్ వెట్టర్."

జాకీ కింద చదునైన రాయి పెట్టి, పలక అంచుకు ఆనించి తిప్పాడు. ఒక తిప్పుకు కప్పులోంచి గుప్పెడు మన్ను రాలింది. ఇంకో తిప్పుకు జాకీ పక్కకు జారి, పలక మళ్లీ కూర్చుంది. దొర అరుపు మౌలా చెవిలో దూరింది. మళ్లీ పెట్టాడు. నీళ్లు వచ్చి వాళ్లిద్దరి కాళ్ల కిందా చేరాయి, చల్లగా. దొర "కాల్ట్" అని గొణిగాడు. మౌలా తిప్పుతూ ఉన్నాడు. పలక వేలెడు లేచింది. అంతకంటే లేవదు, కాలు రాదు. ఇక్కడే పోతామని అతనికి స్పష్టంగా తెలిసింది. వెనక్కి పాకి బయటపడడానికి ఇంకా వేళ ఉంది. సందు ఇంకా ఉంది. అతను ఆ సందు వైపు చూడకుండా దొర ముఖమే చూస్తూ, తనకు వచ్చిన మాటలన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. ఎండ, గాలి, మబ్బు, వేడి, నీలం. చెప్పిందే చెప్పాడు. దొర కూడా గొంతు కలిపాడు. మసీదులో పాఠం అప్పజెప్పే పిల్లల్లాగా ఇద్దరూ చీకట్లో వాతావరణం వల్లించారు.

సందులోంచి ఓబులేసు గొంతు వినిపించింది. గనిలోకి రానన్న మనిషి అందరికంటే ముందు పాక్కుంటూ వచ్చాడు. వెనక దుంగలు అందించే చేతులు. పలక కింద దుంగ దూర్చి, జాకీ తీసి, ఇంకో చోట పెట్టి లేపారు. కాలు వచ్చింది. దొరను చొక్కా పట్టుకొని లాక్కుంటూ పైకి పాకారు. కట్ట తెగినట్లుంది, ఎర్రనీళ్లు ఎదురు వచ్చి ముఖాలకు కొట్టాయి. అందరూ బయటపడి వంక ఒడ్డు ఎక్కాక లోపల మళ్లీ ఏదో కూలింది. ఎవరూ తిరిగి చూడలేదు.

దొరను జీపులో పడుకోబెట్టారు. కడపకు పోవాలంటే పాపాఘ్ని దాటాలి. ఏరు అప్పటికి ఇసుక మీద పలచగా పారుతోంది. ఎగువన మోత వినబడుతోంది.

"ఏరు వచ్చేలోగా దాటల్ల," అన్నాడు ఓబులేసు, దొర తల ఒడిలో పెట్టుకొని. మౌలా దాటించాడు. ఎట్లా దాటించాడో తర్వాత ఎప్పుడూ గుర్తు రాలేదు. అవతలి గట్టెక్కి చూస్తే వాళ్లు వచ్చిన చక్రాల గీతలు నీళ్ల కింద పోయాయి.

కడప ఆసుపత్రిలో దొర కుడి పాదం సగం తీసేశారు. తన జ్వరం తగ్గాక శ్రీనివాసులు మౌలాను వెంటబెట్టుకొని చూడడానికి పోయాడు. దొర మంచం మీద కూర్చొని ఉన్నాడు. మౌలా తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఆ రోజు అబద్ధం చెప్పినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పమన్నాడు.

శ్రీనివాసులు దొర చెప్పినదంతా విని, నిదానంగా తెలుగులో చెప్పాడు. లోపల తడిమట్టి వాసన మొదటి నుంచే వస్తోందట. వాన చప్పుడు కూడా వినబడుతోందట. మౌలా ఎండ అన్నప్పుడల్లా అది అబద్ధమని తెలుసట. "అయినా మళ్లీ మళ్లీ అడిగినాడంట. నువ్వు జవాబు చెప్పినంత సేపు నువ్వు పోలేదని తెలుస్తాంది కదా, అందుకంట."

మౌలా తలుపు దగ్గర నుంచి మంచం దాకా వచ్చాడు. తర్వాత శ్రీనివాసులును ఇంకో మాట చెప్పమన్నాడు. తాను జర్మనీ చూశానని. అడవిలో, కట్టెకోత మిల్లు దగ్గర, ఖైదీగా ఉన్నానని. శ్రీనివాసులు తెల్లబోయి అతని వైపు చూసి, తర్వాత చెప్పాడు.

దొర ముఖంలో రంగు పోయింది. తానూ ఖైదీనేనని, యుద్ధం తర్వాత కూడా రష్యావాళ్లు ఏళ్ల తరబడి విడిచిపెట్టలేదని చెప్పాడు. పళ్లు పోయింది అక్కడేనట. ఆ చెరలో ఏం మాట్లాడుకున్నా ఎవరో ఒకరు పైవాళ్లకు చేరవేసేవాళ్లట. ఎండ గురించీ మంచు గురించీ మాట్లాడుకుంటే మాత్రం చేరవేయడానికి ఏమీ ఉండేది కాదట. అప్పటి నుంచి మనిషి కనబడితే మొదట ఆ మాటే వస్తుందట. క్షమించమని ఆయన అనలేదు. అనడానికి తగిన మాట వెతుక్కుంటున్నట్లు దుప్పటి అంచు మడత పెడుతూ, విప్పుతూ ఉన్నాడు. చివరకు శ్రీనివాసులు సాయం లేకుండా నేరుగా మౌలాను ఒక్క మాట అడిగాడు.

"కాల్ట్?"

"శానా కాల్ట్ సార్," అన్నాడు మౌలా.

దొర ఒక నెల తర్వాత మద్రాసు మీదుగా ఓడ ఎక్కడానికి వెళ్లిపోయాడు. మౌలా డోన్‌లో ఇంటికి వచ్చాడు. ఎడమ మోచేతి గాయాలు ఇంకా మానలేదు. మధ్యాహ్నం ఫాతిమా బీ వాకిట్లో చాట ముందు పెట్టుకొని కందులు చెరుగుతోంది. అతను అరుగు మీద కూర్చొని, ఆమె అడగకుండానే, లక్ష్మన్న పేరు చెప్పాడు. ఆదోనివాడని చెప్పాడు. తర్వాత మంచు సంగతి, రంపం సంగతి. వరసగా రాలేదు, ముందుది వెనక, వెనకది ముందు వచ్చాయి.  ఫాతిమా బీ చాట ఆపి వింది. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డం రాలేదు. అతను ముగించాక చాట పక్కన పెట్టింది.

"ఆ లక్ష్మన్నకు ఆదోనిలో ఎవరన్నా ఉండారా?" అని అడిగింది.

తల్లి ఉండేదని, పేరు కూడా చెప్పేవాడని అన్నాడు మౌలా. బతికి ఉందో లేదో తెలియదు.

"అయితే పోదాం పా," అంది ఫాతిమా బీ, లేచి కొంగు దులుపుకుంటూ. "రేపు పొద్దున గుంతకల్లు బండి ఎక్కి, ఆడ ఆదోనికి మారుదాం. ఆమెకు ఎవరో ఒకరు చెప్పల్ల కదా."